మూడు ఊళ్ల కప్పు

రైలు పట్టాల పక్కన, మూడు రాళ్ల పొయ్యి మీద పులిహోర కలపడం కూడా ఒక సరదా అవుతుందని పెళ్లికి ముందు ఎవరైనా చెబితే నవ్వేదాన్ని. సకల జనుల సమ్మె మొదలై పది రోజులు దాటింది, నా పెళ్లయి నలభై రోజులు. రైల్ రోకోకు మా అత్తగారి ఊరు మానుకోటంతా స్టేషన్‌లోనే ఉంది. మామయ్య ఎరువుల దుకాణం బంద్, బడులు బంద్, రైళ్లు బంద్. వంటావార్పు అంటే మాకు వంట, మగవాళ్లకు పట్టాల మధ్య తువ్వాల పరిచి రమ్మీ. అయినా నాకేం కోపం రాలేదు. అంత జనంలో మా ఆయన నవ్వు వేరుగా వినిపిస్తుంటే గరిటె తిప్పడం కూడా బాగుండేది.

"హిమా, జర నా ముక్కలు పట్టు, గిప్పుడే వస్త" అని రాకేష్ ఫోన్ మాట్లాడటానికి లేచాడు. పసుపు చేతులు కొంగుకు తుడుచుకుని కూర్చున్నాను. హన్మకొండ హాస్టల్లో రెండేళ్లు పగలు స్టాటిస్టిక్స్, రాత్రుళ్లు రమ్మీ చదివినదాన్ని. నాలుగో ముక్కకే షో కొట్టాను.

"రాకేష్ షో కొట్టిండు రా" అన్నారు అందరూ. నేనూ వాళ్లతో కలిసి చప్పట్లు కొట్టాను. ఎంత పిచ్చిదాన్ని.

మొదటి రోజు ఆడింది నలుగురు. మరునాడు పదహారు మంది వచ్చేసరికి ఎవరితో ఎవరు ఆడాలని గొడవ. ఇంట్లో మిగిలిపోయిన మా పెళ్లికార్డుల వెనక నేనే డ్రా గీశాను. గుంపుకు నలుగురు, తక్కువ పాయింట్లున్న ఇద్దరు పై ఆటకు. పైసలు పెట్టొద్దు, పాయింట్లే అన్నదీ నేనే. కార్డు ముందువైపు చి.ల.సౌ. హిమజ, వెనకవైపు పదహారు మంది మగవాళ్లు. ఆ కార్డులు చూసి ఆయనా నేనూ పడీ పడీ నవ్వుకున్నాం. తర్వాత ఆట మూతపడ్డ పప్పుమిల్లు షెడ్డులోకి మారింది. మా పుట్టింటి ఊరు జనగామ నుంచి ఆటగాళ్లు వచ్చారు, భూపాలపల్లి నుంచి సమ్మెలో ఉన్న బొగ్గుగని కార్మికులు వచ్చారు. ముప్ఫై రెండు, ఆ పై వారం అరవై నాలుగు. ఆటగాళ్లు రెట్టింపైనప్పుడల్లా నా ఉప్మా రవ్వా రెట్టింపైంది.

ఒకరోజు షెడ్డు గుమ్మానికి బ్యానర్ కట్టారు. 'మూడు ఊళ్ల కప్పు. వ్యవస్థాపకుడు: రాకేష్.' ఆ ముందురోజే దీక్షా శిబిరంలో ఆయన మైకు పట్టుకుని, "కష్టం మనది, పేరు వేరేటోళ్లదా?" అని గొంతు పోయేలా అడిగాడు. ఆడవాళ్ల వరుసలో అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే.

"డ్రాల నా పేరు గూడ రాయాలె" అన్నాను ఆ రోజు అన్నం వడ్డిస్తూ.

రాకేష్ నా బుగ్గ గిల్లాడు. "నువ్వాడితే ఉప్మా ఎవరు చేస్తరే?"

మామయ్య నవ్వలేదు. "మన ఇంటి కోడలు మొగోళ్ల నడుమ కూసోని పత్తాలాడుతదా? మంది ఏమనుకుంటరు?"

"ఊకో బిడ్డా, వాడు గెలిస్తే నువ్వు గెలిచినట్టు గాదా" అంది అత్తమ్మ.

అన్నం గిన్నె తీసుకుని వంటింట్లోకి వచ్చేశాను. పట్టాల మీద పోలీసులు లాఠీలతో వచ్చినప్పుడు, "ఆడోళ్లను కొట్టరు, మీరు ముందుకు రాండ్రి" అని మమ్మల్ని ముందు వరుసలో కూర్చోబెట్టారు కదా. అప్పుడు నా చుట్టూ వెయ్యి మంది మగవాళ్లు. మంది ఏమనుకుంటారో ఆ రోజు ఎవరికీ గుర్తురాలేదు. లాఠీ ముందు కూర్చోవడానికి పనికొచ్చే కోడలు పేకముక్కల ముందు కూర్చుంటే పరువు పోతుందా? ఆయన గెలిస్తే నేను గెలిచినట్టయితే, నేను గెలిచిన ఆటకు ఆయన పేరెందుకు రాశారు? బుగ్గ మీద ఆయన గిల్లిన చోటు ఇంకా చురుక్కుమంటోంది. పెళ్లయినప్పటి నుంచి ఎంత ఇష్టపడ్డానో ఆ గిల్లుడిని.

సెమీఫైనల్ రోజు ఊరంతా షెడ్డులోనే ఉంది. రాకేష్ ఓటమి పాయింట్ల లెక్క నిండడానికి వచ్చింది, ఈ ఆట పోతే అవుటే. ముక్కలు పంచేసరికి కప్పు గురించి రాయడానికి పేపరాయన వచ్చాడు. రాకేష్ పొయ్యి దగ్గరికి పరుగెత్తుకొచ్చి, "హిమా, జర నువ్వు కూసో. ఓడగొట్టకు" అని నన్ను చాప మీదికి తోలి గుమ్మంలోకి వెళ్లాడు. ఇప్పుడు మగవాళ్ల నడుమ కూర్చున్నా మామయ్య ఏమీ అనలేదు.

నేను ఆడుతున్నాను. గుమ్మంలోంచి మా ఆయన గొంతు వినిపిస్తోంది. "మొదలు నలుగురమే సార్. డ్రా పద్ధతంత నేనే కూసోని రాసిన."

నా వంతు వచ్చింది. తీసిన ముక్క ఆఠీను తొమ్మిది. అన్నీ కుదిరాయి. ఒక్క ముక్క పడేస్తే షో.

భూపాలపల్లి ధర్మా ఎదురుగా కూర్చున్నాడు. "కొట్టు చెల్లె, ఆగినవేంది?"

పద్నాలుగు ముక్కలూ బోర్లించి రాకేష్ చోటులో పెట్టాను. "గివి ఆయన ముక్కలన్నా. ఆయనే వచ్చి కొట్టుకుంటడు."

"వచ్చెదాక ఆగరు. ఫుల్ కౌంట్ రాస్తరు, మీ ఆయన అవుటైతడు."

"రాయమను."

పక్కకు జరిగి, ఖాళీగా ఉన్న చాప అంచున బాసిపట్టు వేసుకుని కూర్చున్నాను. మామయ్య లేచి నిలబడ్డాడు. గుమ్మంలో మాటలు ఆగిపోయాయి.

"మరి గక్కడ కూసున్నవేంది చెల్లె?"

"నా పేరు రాసి, నాకు పంచన్నా" అన్నాను.