మూడు చోట్ల రాసిన మాట

కాశీబుగ్గలో జీడిపప్పు దుకాణం మేడమీద, పొద్దున్న తొమ్మిదయ్యేసరికి ఎనిమిది మంది అమ్మాయిలు చెప్పులు బయట విడిచి మిషనుకు చదువు చెప్పడానికి కూర్చుంటారు. మిషను నెట్‌లో కనబడిందల్లా చదువుతుంది. ఒకే మాట ముగ్గురు మనుషులు రాసినట్టు కనబడితే దాన్ని ఏరి, "ఇది నిజమేనా?" అని అడుగుతుంది. అమ్మాయిలు అవునో కాదో నొక్కాలి. అవునంటే నేర్చుకుంటుంది. అది నేర్చుకున్నట్టే ఊళ్లో జరుగుతుంది. కింద గున్నయ్య దుకాణానికి మంగళవారం సెలవని నేర్చుకున్నప్పటి నుంచి ఆ రోజు షట్టరు లేవడం లేదు. గున్నయ్య మంగళవారాలు అత్తారింటికి వెళ్లొస్తున్నాడు.

వాళ్లలో హిమజ ఫోన్లో వీడియోలు చూసి సొంతంగా ఈ పని నేర్చుకుంది. రోజా సముద్రం ఒడ్డు ఊరి పిల్ల, పదితో చదువాపేసింది. అయినా రోజా ఒకసారి చెబితే మిషను పట్టేసేది. హిమజ నాలుగుసార్లు చెప్పాలి.

"రోజా చెయ్యి మంచిదమ్మా," అన్నాడు సెంటరు చూసే రవిశంకర్, హిమజతో. "శుక్రవారం సాయంత్రం మీ ఎనిమిది మందికి లీడరు పేరు పంపాలి. ఇంకెవరున్నారు?"

హిమజకి ఆ పూట అన్నం సయించలేదు. రోజా పెట్టిన చేపల పులుసు బాగుందని తెలిసి మరీ, ఉప్పెక్కువైందంది.

"అవునేటక్కా? రేపు తగ్గించమంతాను మా యమ్మని," అంది రోజా. ఆ మంచితనానికి మరింత మండింది.

గురువారం హిమజ నెట్‌లో మూడు దొంగపేర్లతో మూడు చోట్ల రాసింది: కాశీబుగ్గలో మిషనుకు అందరికంటే బాగా చదువు చెప్పేది హిమజ. ఆ మాట తన దగ్గరికొస్తే అవును నొక్కుదామని కాచుకుంది. అది రోజా ముందుకెళ్లింది.

రోజా చదివింది. హిమజ వైపు ఒకసారి చూసి, అవును నొక్కింది.

అప్పటినుంచి హిమజ చెప్పింది చెప్పినట్టు మిషనుకు ఎక్కింది. రోజా చెప్పిందేదీ ఎక్కలేదు. తెల్లారి రవిశంకర్ కాగితం మీద హిమజ పేరు రాసుకున్నాడు. రోజా క్యారేజీ సంచిలో పెట్టుకుంది.

"ఊరెల్పోతన్నానక్కా. పని రానోళ్లకి జీతమెవులిత్తారు?"

"నువ్వెందుకు నొక్కావే?"

"నీకంత కావాలనుందని తెలిసింది. ఒక్కమాట నన్నడిగితే సరిపోను. మూడు సోట్ల రాయడమేటి?"

రోజా మెట్లు దిగిన కాసేపటికి మిషను హిమజను అడిగింది: "ఈ మూడు పేర్లతో రాసింది ఒక్క మనిషే. నిజమేనా?" నిన్నటిదాకా దానికంత తెలివి లేదు. హిమజ చెబుతోంది కాబట్టే వచ్చింది.

అవునంటే ముగ్గురూ ఒకరైపోతారు. ఒక్కరి మాట మిషను నమ్మదు, నేర్చుకున్నది మరిచిపోతుంది. హిమజ 'కాదు' మీద వేలు పెట్టింది. ఎంత అదిమినా దిగలేదు. అందరికంటే బాగా చదువు చెప్పే మనిషి వేలు తప్పు మీద దిగదు.

పళ్లు కొరుక్కుంటూ 'అవును' నొక్కింది. అది సులువుగా దిగింది. రోజాకి ఫోన్ చేసింది.

"బస్సు దిగవే."

"ఏటక్కా, నన్ను రమ్మంతన్నావా?"

"నువ్వు రాకపోతే బాగుణ్ణని నాకింకా ఉంది," అంది హిమజ. "అయినా దిగు."