అలుక్కుపోయిన గళ్లు

మంగళవారం ఉదయం పదకొండు గంటలకు ఏకాంబరం ముదలియార్ పని మానేశాడు. కాంచీపురం పట్టుచీరల అంచులకు కంప్యూటర్ తెర మీది గళ్లలో నమూనాలు గీయడం ఆయన పని. రెండు తలల గండభేరుండం మెడ దగ్గర ఆపి, కుర్చీలోంచి లేచాడు.

"ఇంక నావల్ల కాదు పూంగొడీ. గళ్లు అలుక్కుపోతున్నాయి. కంటి ఆపరేషన్ చెడింది."

పూంగొడి ఆయన కోడలు. ఆ ఇంట్లో ఒక నమూనాకు ఇద్దరు కావాలి. ఏకాంబరం గళ్లు చూసి చదువుతాడు: "రెండు జరీ, ఒకటి వదులు, మూడు జరీ." పూంగొడి ల్యాప్‌టాప్‌లో ఆ గళ్లు నింపుతుంది. మామగారి పక్కన కోడలు కూర్చోదు కనుక బల్లకు ఆ చివర ఆమె, ఈ చివర ఆయన. ఇదివరకు ల్యాప్‌టాప్‌ను బల్ల మధ్యలో పెట్టి ఇద్దరూ మెడలు సాచేవారు. పోయిన నెల శుక్లం తీయించాక, ఆయన కోసం పెద్ద మానిటర్ కొన్నారు. ల్యాప్‌టాప్‌లో ఉన్నదే మానిటర్‌లోనూ కనబడేలా పెట్టారు.

వంటింట్లోంచి ఆయన భార్య వళ్ళియమ్మై గొంతు వినిపించింది. "కంటి డాక్టరు నిన్ననే కదా అంతా బాగుందన్నాడు?"

"కన్ను ఆయనదా, నాదా?"

"కంటికి చేయించాం సరే, నోటికి కూడా చేయించాల్సింది ఆపరేషన్."

పూంగొడి నవ్వలేదు. తెర తుడిచింది. మానిటర్ అమ్మిన మురుగేశన్‌కు ఫోన్ చేసింది. "కేబుల్ మార్చి చూడక్కా" అన్నాడతను. టీవీ వెనక నుంచి కేబుల్ ఊడదీసి తెచ్చి తగిలించింది. గళ్లు అలాగే ఉన్నాయి.

"చూశావా?" అన్నాడు ఏకాంబరం. "వీధి చివర నమూనాలు గీసే దామోదరన్‌కి కబురు పెట్టు. ఈ అంచు వాడు పూర్తి చేస్తాడు. ఇకమీద వచ్చేవి కూడా వాడికే."

"ఆయన చేతికా మామా? ఆయన గీస్తే నెమలి కూడా కోడిలా ఉంటుంది."

ఏకాంబరం నవ్వాడు. కానీ కళ్లజోడు తీసి పెట్టెలో పెట్టేశాడు.

పూంగొడి పోగులెంచే భూతద్దం తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "కబురు పెడతాను. ముందు దీంతో ఒక్కసారి చూడండి."

ఆయన అద్దాన్ని మానిటర్‌కు ఆనించి గళ్ల గీతలు చదివాడు. "సన్నం, సన్నం, సన్నం, లావు. సన్నం, సన్నం, సన్నం, లావు." ఆగాడు. కింది వరస చూశాడు. అక్కడా అంతే.

"ఏం పిల్లా, కన్ను చెడితే ఇలా లెక్కగా చెడుతుందా? అంచులో బుటా మళ్లీ మళ్లీ వచ్చినట్టు వస్తోందే."

పూంగొడి అద్దం తీసుకుని ల్యాప్‌టాప్ తెర చూసింది. అందులో గీతలన్నీ సమానంగా ఉన్నాయి. మళ్లీ మురుగేశన్‌కు ఫోన్ చేసి ఆ మాట చెప్పింది.

"రెండిట్లో ఒకటే బొమ్మ పెట్టుకున్నారా?" అన్నాడతను. "మరదే సంగతి. ల్యాప్‌టాప్ తెరకి చుక్కలు తక్కువక్కా. ఆ బొమ్మనే పెద్ద తెరంతా సాగదీస్తోంది. మానిటర్ ఒక్కటే వెలిగేట్టు పెట్టు. దాని కొలత అదే తీసుకుంటుంది."

"మరి నా ల్యాప్‌టాప్‌లో?"

"ఏమీ కనబడదు. నువ్వూ పెద్దదే చూసుకోవాలి."

పూంగొడి ఫోన్ పెట్టేసి మామగారి వైపు చూసింది. వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డ అత్తగారి వైపు చూసింది. మీటలు నొక్కింది. ల్యాప్‌టాప్ తెర నల్లబడింది. మానిటర్ ఒకసారి ఆరి వెలిగింది.

పక్షి మెడ మీద ఈకకు రెండేసి గళ్లు, విడివిడిగా కనిపించాయి. ఏకాంబరం కళ్లజోడు పెట్టుకుని వేలితో వాటిని లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు.

"నా కన్ను బాగానే ఉంది" అన్నాడు.

"నేనన్నానా లేదా?" అంది వళ్ళియమ్మై.

పూంగొడి మౌస్ తీసుకుని ఆయన కుర్చీ వెనక నిలబడింది.

"నిలబడి ఎన్ని గళ్లు నింపుతావు?"

"పర్లేదు మామా."

"వళ్ళీ, ఆ స్టూలు ఇలా తే."

"ఎవరికి?"

"నా కోడలికి."

వళ్ళియమ్మై స్టూలు తేలేదు. తాను కూర్చునే కుర్చీ ఎత్తుకొచ్చి భర్త పక్కన వేసింది. "స్టూలు మీద నడుం పడిపోతుంది. కూర్చో" అంది.

పూంగొడి కూర్చుంది. భోజనాల వేళకు పక్షి ఎడమ తల పూర్తయింది.