మూడోదానికి తోక లేదు

పొద్దున్నే ఎర్ర క్రేయాను ముక్కలైంది. ముక్కలు చేసింది ఏడాదిన్నర వయసున్న బుడంకాయ. వాళ్లమ్మ వంటగదిలోంచి వచ్చి చూసేసరికి పిల్ల మూతంతా ఎరుపు, చాపంతా ఎరుపు, ముఖంలో మాత్రం మహా తృప్తి.

ఆమె పిల్ల నోట్లో వేలు పెట్టి నాలుగు మూలలా తిప్పింది. కొత్తగా వచ్చిన పళ్లు తప్ప ఏమీ తగల్లేదు. అవి మాత్రం గట్టిగానే తగిలాయి. తరవాత నేల మీద చతికిలబడి, ముక్కలన్నీ ఏరి, విరిగిన అంచుకి విరిగిన అంచు ఆనించి వరసగా పేర్చింది. ఇంట్లో ఏది విరిగినా ఆమెకిదే పని. బొత్తామైనా, బొమ్మ చక్రమైనా, డబ్బా మూతైనా ముక్కలన్నీ కలిపి మళ్లీ మొత్తం చేసి చూసుకుంటే తప్ప గుండె కుదుటపడదు. ఒక్క ముక్క తగ్గిందంటే అది పిల్ల కడుపులోకి పోయిందనే లెక్క.

క్రేయాను మొత్తం వచ్చింది, మొన తప్ప.

"అత్తయ్యా, మొన లేదు."

"ఏ మొన?"

"క్రేయాను మొన. మింగేసినట్టుంది."

అత్తగారు కూర్చున్న చోటినుంచి లేవలేదు. "మైనం ముక్కే కదే. లోపలికి వెళ్లింది బయటికి రాక అక్కడే కాపురం పెడుతుందా? రేపు పొద్దున్న నేనే చూసి చెప్తాను, నువ్వు బయల్దేరు. నీ మొగుడు దీని వయసులో గాజు గోలీ మింగాడు. ఇప్పుడేమైంది? గురక పెట్టి మరీ నిద్రపోతున్నాడు."

ఆమె బయల్దేరింది గానీ మనసు చాప మీదే ఉండిపోయింది.

ఆమె పనిచేసేది పళ్ల డాక్టరమ్మ దగ్గర. చేరి నాలుగు నెలలైంది. పనిముట్లు అందివ్వాలి, పేషంటు నోట్లో ఊరే నీళ్లని సక్షన్ గొట్టంతో లాగాలి, వాడినవి కడిగి ఆవిరి పెట్టాలి. చదువు తొమ్మిదో తరగతి సగంలో ఆగింది. సైన్సు నోటుబుక్కులో పంటి బొమ్మ వేసింది గానీ, భాగాల పేర్లు రాయకముందే పుస్తకాలు అటకెక్కాయి. ఆ పేర్లేమిటో తెలుసుకోవాలన్న దురద మాత్రం అటకెక్కలేదు. అందుకే ఇక్కడ చేరిన రోజునుంచీ ప్రతిదానికీ "ఎందుకు మేడమ్?" అనేది. డాక్టరమ్మ వారం రోజులు ఓపిగ్గా చెప్పి, ఎనిమిదో రోజున "ఎందుకమ్మ" అని పేరు పెట్టేసింది.

రెండో నెలలో ఒక పొరపాటు జరిగింది. ఒకావిడ కుర్చీలో నోరు తెరుచుకుని పడుకుని ఉండగా, ఎందుకమ్మ ఉండబట్టలేక, "మేడమ్, ఈ సూది ఇందాక ఇంకా పొడుగ్గా ఉన్నట్టుంది కదా?" అంది. సూది సరిగ్గానే ఉంది. కుర్చీలో ఆవిడే లేదు. మెళ్లో తువ్వాలుతోనే మెట్లు దిగిపోయింది. ఆ రోజు డాక్టరమ్మ పన్నెత్తి మాట అనలేదు గానీ, ఒక చిన్న కాగితాల కట్ట, ఒక పెన్సిలు తెచ్చి చేతిలో పెట్టింది. "పేషంటు ఉండగా నీ ఎందుకులు నోటితో అడక్కు. దీని మీద రాయి."

ఇవాళ కుర్చీలో ఉన్నది ఫ్యాన్లు బాగుచేసే పెద్దాయన. ఎడమవైపు దవడపళ్లు ఎప్పుడో పోయాయి. నమలడానికి కుడివైపు కింద మిగిలింది ఒక్కటే. దానికి ఎనిమిదేళ్ల కిందట ఎక్కడో రూట్ కెనాల్ చేయించుకున్నాడు. ఇప్పుడు వేరు కొసన మళ్లీ చీము చేరింది.

"వేళ్లలో కూరిన పాత సరుకంతా బయటికి రావాలి బాబాయ్‌గారూ," అంది డాక్టరమ్మ. "గోరంత మిగిలినా దాని వెనకాల చీము దాక్కుంటుంది, మందు అక్కడిదాకా వెళ్లదు. మొత్తం వస్తే పన్ను నిలుస్తుంది. రాకపోతే పీకేయడమే."

"పీకేస్తే నేను నమిలేదెలా?"

"నమలరు. మింగుతారు."

"పళ్లూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం అంటారు గానీ, ఉన్న ఒక్క పన్నుకీ మంచి రాయి చూసుకోవాలి కదా డాక్టరమ్మా. అందుకే మీ దగ్గరికొచ్చా." నవ్వాడు గానీ చేతులు కుర్చీ అంచుల్ని వదల్లేదు. "నేనైతే ఫ్యాను విప్పి బిగించాక ఒక స్క్రూ మిగలాల్సిందే. మా ఆవిడ వాటిని సీసాలో పోసి దాస్తుంది. అయినా ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. పన్ను కూడా అలా సర్దుకోదా?"

"ఫ్యానుకి చీము పట్టదు బాబాయ్‌గారూ. నోరు తెరవండి."

మత్తు సూది పడింది. నీలం రబ్బరు తెర పరిచి, దాని చిల్లులోంచి ఆ పన్నొక్కటీ పైకి తేల్చగానే మనిషి మాయమయ్యాడు. ఇక ఆయన దగ్గర మిగిలిన మాటలు రెండే: "ఊ", "ఊఊ".

ఎందుకమ్మ మెడ చాచి చూసింది. పన్ను మధ్యలో గుంట, గుంట అడుగున మూడు గులాబీరంగు చుక్కలు. ముందు వేరులో రెండు కాలువలు, వెనక వేరులో ఒకటి. వాటిలో కూరింది జీపీ అనే సరుకు. ఏదో చెట్టు పాలతో చేస్తారట, చూడ్డానికి సన్నటి రబ్బరు పుల్లలా ఉంటుంది. డాక్టరమ్మ ఒక చుక్క మందు వేసింది. గదంతా నారింజ తొక్క వాసన. పాత పుల్ల మెత్తబడేదాకా ఆగి, చుట్టూ మెట్లుమెట్లుగా పదునున్న ఫైలు అనే సన్నటి సూదిని మర బిగించినట్టు లోపలికి తిప్పి, ఇక తిప్పకుండా నిలువునా లాగింది.

వెనక కాలువలోది ఒక్క లాగుడుకే వచ్చింది. పైన లావు, కింద ఎలుక తోకలా సన్నం. డాక్టరమ్మ దాన్ని తడి గాజుగుడ్డ మీద విదిల్చింది. మామూలుగా ఆ గుడ్డని ఉండ చుట్టి పారేస్తారు. ఎందుకమ్మ చెయ్యి ఊరుకోలేదు. ఒక చేత్తో సక్షన్ పట్టుకునే, రెండో చేత్తో చిమ్టాతో దాన్ని నిలువుగా పెట్టింది. ముందు వేరులో మొదటిది రెండు ముక్కలుగా వచ్చింది, రెండూ కలిపితే కింద తోక ఉంది. రెండోది పీచుపీచుగా, అయిదు తునకలై వచ్చింది. వాటినీ అంచుకి అంచు ఆనించి పేర్చింది.

డాక్టరమ్మ మూడు కాలువల్లో మూడు ఫైళ్లు దించి ఎక్స్‌రే తీసింది. ఒక గ్లౌజు విప్పి కంప్యూటరు ముందు వంగి చూసింది. "శుభ్రంగా ఉంది. మందు పెట్టి మూసేద్దాం."

ఎందుకమ్మ గాజుగుడ్డ వంక చూసింది. పొద్దుటి చాప కళ్ల ముందు కదిలింది. రెండు పుల్లలకి తోకలున్నాయి. మూడోది కింద తెగిన తాడులా మొండిగా ఉంది.

చప్పుడు చెయ్యకుండా సక్షన్ మూత విప్పి జాలీ చూసింది. గులాబీ పొడి తప్ప ఏమీ లేదు. తన చేతి గ్లౌజులు చూసుకుంది. కింద నేల చూసింది. కంప్యూటరులో ఎక్స్‌రే కూడా చూసింది. ఎమ్మే చదివిన మనిషా తను, డాక్టరు శుభ్రంగా ఉందన్నాక కాదనడానికి? కానీ ఆ మొన ఎక్కడికి పోయినట్టు?

తన గ్లౌజులు విప్పి, జేబులోంచి కాగితం తీసి రాసింది: మూడోదానికి తోక లేదు.

డాక్టరమ్మ చదివి, కనుబొమ్మ ఎత్తి, కిందనే రాసింది: కరిగిపోయింది.

అక్కడితో ఊరుకోవచ్చు. ఊరుకుందామనే అనుకుంది. పెన్సిలు మాత్రం ఊరుకోలేదు: మిగతా రెండిటి తోకలూ కరగలేదు కదా. జాలీలో కూడా లేదు. మూడు ఫైళ్లు పెట్టారు, ఎక్స్‌రేలో రెండు గీతలే ఉన్నాయి. ఎందుకు?

డాక్టరమ్మ రెండో కాగితం చదివి గాజుగుడ్డ దగ్గరికొచ్చింది. వంగి మూడు వరసలూ చూసింది. రబ్బరు తెర కిందనుంచి, "ఊ?" అని ప్రశ్న వచ్చింది.

"ఏం లేదు బాబాయ్‌గారూ. ఇంకో ఫొటో తీస్తాను. ఈసారి కొంచెం పక్కనుంచి."

రెండో ఎక్స్‌రేలో, ఇందాక ఒక్కటిగా కనిపించిన తెల్ల గీత రెండుగా విడిపోయింది. ఒక ఫైలు వేరు కొసదాకా దిగింది. రెండోది మధ్యలోనే ఆగింది. దాని కాళ్ల దగ్గర, సగం బియ్యపు గింజంత తెల్లటి నలుసు.

"ముందు వేరులో కాలువలు ఒకదాని వెనక ఒకటి నిలబడతాయి," డాక్టరమ్మ గుసగుసగా చెప్పింది. "ఎదురుగా చూస్తే ముందున్న ఫైలు వెనకదాన్ని కప్పేస్తుంది. పక్కనుంచి తీయాల్సింది. తొందరపడ్డాను."

"మా బుడంకాయ మా అత్తయ్య వెనక దాక్కున్నట్టు," అంది ఎందుకమ్మ, అంతే మెల్లగా.

గుసగుసలు విని పెద్దాయన చెయ్యి గాల్లోకి లేచింది. కాళ్లు కూడా కదిలాయి. మెట్లు దిగిపోయినావిడ గుర్తొచ్చి డాక్టరమ్మ గబుక్కున కుర్చీ వైపు తిరిగింది. ఎందుకమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. నోటితో అడక్కూడదన్నారు గానీ చెప్పకూడదనలేదు కదా.

"బాబాయ్‌గారూ, మీ సీసాలో వెయ్యాల్సిన స్క్రూ ఒకటి లోపలే ఉండిపోయింది. మేడమ్ తీసేస్తున్నారు. మీరు కదలకండి చాలు."

తువ్వాలు కింద పెద్దాయన పొట్ట కుదుపులు కుదుపులుగా ఊగింది. నవ్వు! కాళ్లు మళ్లీ చాచి పడుకున్నాడు.

మళ్లీ నారింజ చుక్క. మళ్లీ ఆగడం. డాక్టరమ్మ సన్నటి ఫైలు కొసని కాస్త వంచి దించింది. మొదటిసారి ఖాళీగా వచ్చింది. రెండోసారీ ఖాళీయే. మూడోసారి గులాబీ మరక మాత్రం అంటింది. ఎందుకమ్మ ఫైలు మొననే చూస్తోంది. అయిదోసారి డాక్టరమ్మ చెయ్యి మధ్యలో ఆగి, నెమ్మదిగా, మరీ నెమ్మదిగా పైకి లేచింది. ఫైలు చివర వెంట్రుకంత తోక వేలాడుతోంది.

ఎందుకమ్మ దాన్ని చిమ్టాతో అందుకుని మూడో వరస కింద పెట్టింది. అంచుకి అంచు అతుక్కుంది.

మరో ఎక్స్‌రే తీశారు, ఈసారి రెండు వైపులనుంచీ. ఎక్కడా నలుసు లేదు. మందు పెట్టి మూశారు. రబ్బరు తెర తియ్యగానే పెద్దాయన మత్తు మూతితో అన్న మొదటి మాట: "ఏదీ నా స్క్రూ?"

ఎందుకమ్మ గాజుగుడ్డ చూపించింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని మూడు పుల్లల్నీ ఎగాదిగా చూశాడు. "ముప్ఫయ్యేళ్లనుంచి విప్పుతున్నా తల్లీ. ఒక్కసారి ఇలా వరసగా పెట్టుకోలేదు. నీకెవరు నేర్పారు?"

"మా పిల్ల," అంది.

ఆ రాత్రి ఆమెకి నిద్ర సరిగ్గా పట్టలేదు. తెల్లారాక దొడ్డివైపునుంచి అత్తగారి కేక వినిపించింది. "ఏమేవ్! దొరికింది, ఎర్రగా నిగనిగలాడుతోంది! ఎక్కడ దొరికిందని మాత్రం అడక్కు!" ఎందుకమ్మ జీవితంలో మొదటిసారి, చెప్పినట్టే ఏమీ అడగలేదు.

రెండు వారాలకి పెద్దాయన మళ్లీ వచ్చాడు. వాపు లేదు, చీము లేదు. కాలువలు పొడిగా ఉన్నాయి. కొత్త జీపీ పుల్లలు కూరే ముందు డాక్టరమ్మ వాటిని తీసి గాజుగుడ్డ మీద తనే వరసగా పెట్టింది.

"ఎందుకమ్మా, చూడు."

ఆమె వంగి చూసింది. మూడింటికీ తోకలున్నాయి. అయినా కళ్లు పుల్లల మీదినుంచి కదల్లేదు. చెయ్యి జేబులోని కాగితాలవైపు వెళ్లింది.

"నోటితోనే అడుగు," అంది డాక్టరమ్మ.

"అన్నీ గులాబీ రంగులోనే ఎందుకు చేస్తారు మేడమ్?"

డాక్టరమ్మ మళ్లీ పుల్లల వంక చూసింది. "నిజమే, ఎందుకు?"

రబ్బరు తెర కిందనుంచి పెద్దాయన కూడా, "ఊ?" అన్నాడు.