రేపొక్కరోజు పైన

"రేపొక్కరోజు ఆడవాళ్ళంతా పైన కూర్చోండి" అన్నాడు జెలాల్.

నెరిమాన్ అప్పుడు ద్రాక్షాకు పరిచి, దాని మధ్యలో చిటికెడు మసాలా బియ్యం పెట్టి, అంచులు లోపలికి మడిచి వేలి లావున చుడుతోంది. ఎదురుగా అత్తగారు హతూన్ అదే పనిలో ఉంది. రేపు మసీదు తలుపులు అందరికీ తెరిచే రోజు. ఏటా అక్టోబరు మూడున, జర్మనీ అంతటికీ సెలవైన రోజున, ఊళ్ళో జర్మన్లు బూట్లు విప్పి లోపలికొస్తారు. తివాచీ మీద మొహమాటంగా నిలబడతారు, అడగాలనుకున్నవి అడుగుతారు, పెట్టినవి తిని బాగున్నాయంటారు. మిగతా రోజుల్లో ఆ వీధికి అవతలి పక్కన నడుస్తారు.

నెరిమాన్ భర్త జెలాల్ మసీదు సంఘానికి అధ్యక్షుడు. ఎవరెక్కడ కూర్చోవాలో చేత్తో గాల్లో గీసి చూపించాడు. మగవాళ్ళ వెనక, ఎడమ పక్కన, కిటికీ దగ్గర. అక్కడైతే ఫొటోలు బాగా వస్తాయట. స్కార్ఫులు లేత రంగువి కట్టుకోవాలట, నల్లవి కడితే దిగులుగా కనిపిస్తారట.

"మరి ఎల్లుండి?" అంది నెరిమాన్.

"ఎల్లుండేముంది?"

"ఎల్లుండి ఎక్కడ కూర్చోవాలి?"

జెలాల్ గిన్నెలోంచి చుట్టిన ఆకొకటి తీసి నోట్లో వేసుకున్నాడు. లోపల బియ్యం ఇంకా ఉడకలేదని పంటికి తగిలాక తెలిసి, చేతిలోకి ఉమ్మేసుకున్నాడు. నవ్వు రాబోతే హతూన్ తల వంచుకుంది. "నీకు ప్రతిదానికీ ఒక వంకర ప్రశ్న. ఈ నెలాఖరున నగరసభలో ఓటింగుంది. కొత్త మసీదు కట్టుకోనిస్తారో లేదో అప్పుడు తేలుతుంది. అది గుర్తుపెట్టుకో" అనేసి జెలాల్ వెళ్ళిపోయాడు.

గుర్తుపెట్టుకోకేం. ఆమెకు అన్నీ గుర్తుంటాయి, అదే ఆమె బాధ. ఇప్పుడున్న మసీదు ఒకప్పుడు కుర్చీలూ బల్లలూ అమ్మిన దుకాణం. పై హాల్లో మెత్తటి నీలం తివాచీ ఉంటుంది, అక్కడ మగవాళ్ళు. నేలమాళిగలో వంటగది, దాని పక్కన నీళ్ళు కాగే పెద్ద బాయిలరు, ఆ బాయిలరు పక్కన ఆడవాళ్ళు. ప్రతి శుక్రవారం పొద్దున్నే ఆడవాళ్ళు అక్కడ పిండి పిసికి, రొట్టెలు ఒత్తి, మీద ఖీమా పూసి కాలుస్తారు. ఫ్యాక్టరీల్లో పనిచేసే మగవాళ్ళు నమాజు కాగానే కొనుక్కుని, కాగితంలో చుట్టి తింటూ వెళ్తారు. నీలం తివాచీ ఆ రొట్టెల డబ్బుతో వచ్చిందే. తివాచీ పరిచిన రోజు జెలాల్ ఉపన్యాసంలో దాతలందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాడు. నెరిమాన్ కింద పిండి చేతులతో వింది. ఎవరి పేరొస్తుందోనని చివరిదాకా వింది.

కింద వినిపించేది కూడా ఒక స్పీకరు పెట్టెలోంచే. ఒక రంజాన్ సాయంత్రం ఆడవాళ్ళంతా నుదురు నేలకు ఆనించిన క్షణంలో ఆ పెట్టె మూగబోయింది. ఇమాం లెమ్మంటే కదా లేవడం. ఎవరూ లేవలేదు. ఒకావిడ దగ్గింది. ఒక పిల్ల "అమ్మా, నిద్రపోయావా" అని అడిగింది. పైన మగవాళ్ళు నమాజు ముగించి, నవ్వుకుంటూ బూట్లు తొడుక్కుంటున్న చప్పుడు వినపడ్డాక గానీ వీళ్ళు తలెత్తలేదు. హతూన్ మోకాళ్ళు పట్టేసి ఇద్దరు లేపాల్సి వచ్చింది. జెలాల్ ఇప్పటికీ పెళ్ళిళ్ళలో ఆ సంగతి చెప్పి నవ్విస్తాడు. "మా ఆడవాళ్ళ భక్తి అంటే అదీ" అంటాడు. అందరూ నవ్వుతారు. నెరిమాన్ కూడా నవ్వుతుంది. నవ్వాక ఇంటికొచ్చి, ఏం చేయాలో తోచక, ఇస్త్రీ చేసిన బట్టలే మళ్ళీ ఇస్త్రీ చేస్తుంది.

పోయిన వారం బస్టాపులో ఆమెకొక కరపత్రం చేతిలో పెట్టారు. కొత్త మసీదు వద్దనేవాళ్ళు వేసింది. అందులో మసీదుల గురించి చాలా రోత రాశారు. మధ్యలో ఒక్క వాక్యం మాత్రం, 'వీళ్ళు తమ స్త్రీలను నేలమాళిగలో కూర్చోబెడతారు' అని ఉంది. ఆ వాక్యం దగ్గర ఆమె కళ్ళు ఆగిపోయాయి. బస్సు వచ్చి వెళ్ళిపోయింది. తన గురించి జీవితంలో మొదటిసారి ఎవరో ఒక నిజం అచ్చువేశారు. వేసినవాళ్ళు తనను ఈ ఊళ్ళోనే ఉండనివ్వకూడదనుకునేవాళ్ళు. నిజమే కానీ, అది తన కోసం రాసిన నిజం కాదు. ఆ కాగితాన్ని చింపబోయి, చింపలేక, మడిచి కోటు జేబులో పెట్టుకుంది. ఇంటికొచ్చాక ఎందుకు తెచ్చానా అనుకుని చెత్తలో పడేసింది. గంటయ్యాక మళ్ళీ తీసింది.

ఆమె పనిచేసేది వృద్ధుల ఆశ్రమంలో. ముందు హాల్లో భోజనాలు వడ్డించే పని. ముసలివాళ్ళకు ఆమె అంటే ఇష్టమే. ఒకాయన స్కార్ఫు రంగు చూసి అది ఏ వారమో చెప్పేవాడు, సరదాకి. కానీ ఎవరి కూతురో కోడలో, మా అమ్మకు ఆ స్కార్ఫు చూస్తే భయమేస్తోందని ఫిర్యాదు చేసింది. మేనేజరు పిలిచి, నెరిమాన్ అంటే తనకెంతో గౌరవమని చాలాసేపు చెప్పి, బట్టలుతికే చోటికి మార్చింది. ఆ యంత్రాలున్నది నేలమాళిగలో. అప్పట్నుంచీ పగలు ఆశ్రమం కింద, శుక్రవారం మసీదు కింద. ఆ ఊళ్ళో జర్మన్లకూ మసీదువాళ్ళకూ ఏ విషయంలోనూ పొసగదు. నెరిమాన్ ఎక్కడ ఉండాలన్న విషయంలో మాత్రం ఒక్క మాట మీదున్నారు.

మసీదులో ఇలా ఉంటుందని ఆశ్రమంలో చెప్పుకోలేదు. చెబితే జాలిపడి, మేమప్పుడే అనుకున్నాం అంటారు. ఆశ్రమంలో ఇలా జరిగిందని ఇంట్లో చెప్పుకుంటే, చూశావా వాళ్ళ బుద్ధి, ఉద్యోగం మానెయ్ అంటాడు జెలాల్. ఏ పక్క నోరు విప్పినా ఆ మాటను అవతలి పక్కకు రాయిలా విసరడానికి ఎవరో ఒకరు సిద్ధంగా ఉంటారు. అందుకే నోరు మూసుకుంది. ఆ మాటలన్నీ లోపల కుదురుగా కూర్చోక, ఒళ్ళంతా తిరుగుతున్నట్టుంటాయి. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికని అనిపిస్తుంది.

"ఎల్లుండి సంగతి నీకెందుకే" అంది హతూన్ ఆకు చుడుతూనే. "నేను పాతికేళ్ళుగా ఆ మెట్లు పక్కవాటుగా దిగుతున్నాను. ఏనాడైనా అడిగానా?"

"అందుకే ఇంకా దిగుతున్నావు" అంది నెరిమాన్.

ముసలామె ఇంకో ఆకు తీసి పరిచింది. కోడలిని తిట్టే అవకాశాన్ని హతూన్ వదులుకోవడం అదే మొదలు.

మర్నాడు జనం బాగానే వచ్చారు. మేయరు వచ్చాడు, ఆయన సాక్సుకు బొటనవేలి దగ్గర చిల్లుంది. ఊరి పత్రిక నుంచి బ్రెన్నర్ అనే ఆవిడ వచ్చింది, పొట్టిగా కత్తిరించిన నెరిసిన జుట్టుతో. జెలాల్ తమ మతంలో స్త్రీకున్న ఉన్నత స్థానం గురించి అరగంట మాట్లాడాడు. ఆ అరగంటా స్త్రీలు టీ పళ్ళాలు మోశారు. తర్వాత లేత రంగు స్కార్ఫులతో, కిటికీ దగ్గర, చెప్పినట్టే కూర్చున్నారు.

మధ్యాహ్నం నమాజు మొదలైంది. ప్రదర్శనే కదా అనుకుంటూ నిలబడింది నెరిమాన్. కానీ ఇమాం నోటి వెంట మాట రాకముందు ఆయన ఊపిరి తీసుకోవడం వినిపించింది. ఇన్నేళ్ళలో ఆమె మాట వింది గానీ ఊపిరి వినలేదు. ముందు వరస వంగితే వంగింది, లేస్తే లేచింది. పక్కన హతూన్ కూడా తడుముకోలేదు. కిటికీలోంచి ఎండ తివాచీ మీద పడి, నుదురానించిన చోట వెచ్చగా ఉంది. ఇదంతా రేపుండదు అనుకోగానే నమాజులోనే ఆమెకు కోపం వచ్చింది. కోపంతో నమాజు చెల్లుతుందో లేదో ఆమెకు తెలియదు. అడగాలంటే ఇమాం ఎప్పుడూ పైనే ఉంటాడు.

నమాజయ్యాక ప్రశ్నలు. బ్రెన్నర్ ఆ కరపత్రం చేత్తో పట్టుకుని లేచింది. ఇందులో ఇలా రాశారు, ఏమంటారని అడిగింది. జెలాల్ చిరునవ్వుతో, చూస్తున్నారుగా, మీ కళ్ళే చెబుతాయి అన్నాడు. ఆమె తల ఊపి, నెరిమాన్ వైపు తిరిగింది.

"మీరు చెప్పండి. ఇది నిజమా?"

హాలంతా ఆమె వైపు తిరిగింది. జెలాల్ చిరునవ్వు చెదరనివ్వకుండానే, జర్మన్లకు అర్థం కాకుండా టర్కీ భాషలో, "అబద్ధమని చెప్పు. ఒక్క మాట, అంతే" అన్నాడు. అవును అంటే నెలాఖరు ఓటింగులో ఆ మాట రాయై పడుతుంది. పిల్లలకు ఒక మసీదు లేకుండా పోతుంది, బస్టాపులో కాగితాలు పంచేవాళ్ళు పండగ చేసుకుంటారు. కాదు అంటే బాయిలరు పక్కనే ఆమె బతుకు తెల్లారిపోతుంది, తన నోటితో తనే తాళం వేసుకున్నట్టు. ఎవరో టీ గ్లాసులో చెంచా తిప్పడం ఆపేశారు.

"నిన్నటిదాకా నిజం" అంది నెరిమాన్ జర్మన్‌లో, నెమ్మదిగా, తప్పుల్లేకుండా. "ఇవాళ్టి నుంచి మేము ఇక్కడే. మా సంఘం అధ్యక్షుడు నిన్ననే నిర్ణయించారు. మా ఆయనే."

మొదట మేయరు చప్పట్లు కొట్టాడు. తర్వాత అందరూ కొట్టారు. మేయరు లేచి వెళ్ళి జెలాల్ చెయ్యి పట్టుకుని ఊపాడు, ఇది చాలా పెద్ద అడుగన్నాడు. బ్రెన్నర్ రాసుకుంది. జెలాల్ మొహం చెవుల దాకా ఎర్రబడింది. జర్మన్లు దాన్ని వినయం అనుకున్నారు.

సాయంత్రం చివరి అతిథిని సాగనంపి, జెలాల్ కింది వంటగదికి దిగాడు. అరవలేదు. అతను అరవకపోతే భయపడాలని ఆమెకు పెళ్ళైన కొత్తల్లో తెలిసింది. ఇవాళ ఆ భయం ఏదీ అని వెతుక్కుంది, దొరకలేదు.

"అన్నావులే, పరువు నిలబడింది. అంతవరకు మంచిదే" అన్నాడు. "ఓటింగు దాకా ఏదో సర్దుదాం. పత్రికవాళ్ళు మళ్ళీ రారు. వారం తిరిగేసరికి ఆ మాట ఎవరికీ గుర్తుండదు."

"నాకు గుర్తుంటుంది" అంది నెరిమాన్.

తొట్టి నిండా టీ గ్లాసులున్నాయి. పైన సాయంత్రం నమాజుకు పిలుపు మొదలైంది. ఆమె చేతులు తుడుచుకుని, మోచేతుల దాకా మడిచిన బట్ట కిందికి లాక్కుంది. మిగతా ఆడవాళ్ళు గ్లాసుల వైపూ, ఆమె వైపూ, జెలాల్ వైపూ చూశారు. ఎవరూ కదల్లేదు. హతూన్ బల్ల మీద చెయ్యి ఆనించి లేచింది.

"చెయ్యందుకోవే. నా మోకాలు నా మాట వినడం లేదు."

అత్తాకోడళ్ళు మెట్లెక్కుతున్నారు, ఒక్కో మెట్టు మీద ఆగి, ఊపిరి తీసుకుని. కింద నుంచి జెలాల్ గొంతు వచ్చింది. ఈసారి అందులో కోపం కంటే కంగారు ఎక్కువుంది.

"అమ్మా, నువ్వైనా చెప్పు. శుక్రవారం మగాళ్ళకే చోటు చాలదు. మీరంతా పైకొస్తే వాళ్ళెక్కడ కూర్చుంటారు?"

నెరిమాన్ వెనక్కి తిరగలేదు.

"చోటు చాలనివాళ్ళు కింద కూర్చోండి. బాయిలరు గది ఊడ్చే ఉంచాను."