సగానికి కోసిన వెదురు

కలిదిండి సెంటర్లో బస్సు దిగిన ఉషశ్రీకి బాణసంచా కట్టే క్రీస్తుదాసు ఎదురొచ్చాడు.

"అమ్మాయిగారూ, మైసూరు రాకెట్ల సంగతి నాన్నగారికి మీరే చెప్పారటండీ? ఇనుప గొట్టం తెచ్చి, మందు కూరించుకుని ఇప్పుడే చెరువుకి వెళ్ళారండి."

ఉషశ్రీ చేతిలోని సంచీ జారింది. ఆమె తాడేపల్లిగూడెంలో ఫిజిక్సు లెక్చరరు. పోయిన ఆదివారం భోజనాల దగ్గర, ఆ వారం చెప్పిన పాఠమే తండ్రికీ చెప్పింది. చైనావాళ్ళు మొదట బాణాలకు మందు గొట్టాలు కట్టి వదిలారని, కాగితం, వెదురు గొట్టాలు ఒత్తిడికి పగిలిపోయేవని, మైసూరు సైన్యం ఇనుప గొట్టం వాడేసరికి అవి కిలోమీటరు దాటి ఇంగ్లీషువాళ్ళ మీద పడ్డాయని. బాపిరాజు అన్నం కలపడం ఆపి మరీ విన్నాడు. నలభై ఎకరాల చెరువు ఆయనది. నడిమధ్యన దిగే నీటికాకులు చేపపిల్లల్ని మింగేస్తున్నాయి. వాటిని బెదరగొట్టడానికి వదిలే కాగితం తారాజువ్వలు అంతదూరం పోవడం లేదు.

"కిలోమీటరే!" అంటూ చెయ్యి కడుక్కోవడానికి లేచిపోయాడు. అసలు మాట ఆమె నోట్లోనే ఉండిపోయింది. గొట్టం బరువుకు తగ్గ పొడుగు కర్ర లేకపోతే, ఆ రాకెట్టు వదిలినవాడి మీదికే తిరగొచ్చు.

"కర్ర ఎంత కట్టావు?"

"ఎనిమిదడుగుల వెదురండి. వేలి మీద పెట్టి చూస్తే సరిగ్గా తూగిందండి. స్కూటరు మీద అడ్డం పడుతోందని ఆయనే సగానికి కోసేశారు. వద్దంటే, 'నాకు నేర్పుతావేంట్రా' అన్నారండి."

"సెల్లు తీసుకెళ్ళారా?"

"నీళ్ళలో పడిపోద్దని ఎప్పుడూ తీసుకెళ్ళరు కదండీ."

"బండి తియ్యి!"

క్రీస్తుదాసు మోపెడ్ గట్ల మీద గుంటల్లో ఎగిరెగిరి పడింది. మలుపులో ఐసు లోడు లారీ అడ్డం వచ్చింది. అది దారి ఇచ్చేదాకా ఆగలేక ఉషశ్రీ దూకి పరుగెత్తింది. చెరువు గట్టు మీద తండ్రి గొంతుక్కూర్చుని ఉన్నాడు. అప్పటికే పొగ లేస్తోంది.

"వచ్చావా అమ్మా! చూడు చూడు, అంటించేశా!"

ఆమె చొక్కా పట్టి లాగింది. ఇద్దరూ గట్టు దిగువకు దొర్లి బురదలో పడ్డారు. పైన రాకెట్టు బుస్సుమంటూ లేచి, తాటిచెట్టంత ఎత్తున ముక్కు తిప్పి వెనక్కి వచ్చింది. బాపిరాజు కూర్చున్న చోట మట్టిని చీల్చుకుని నీళ్ళలో పడి పేలింది. నీటికాకులు ఒకసారి లేచి మళ్ళీ అక్కడే వాలాయి.

"కర్ర మూలంగానేనా?" అన్నాడు బాపిరాజు, ఊపిరి అందక.

"సగం నేను చెప్పలేదు నాన్నగారూ. సగం మీరు కోసేశారు."

ఆయన మొహం తెల్లబోయింది. "పక్క చెరువు అబ్బాయిరాజు బావ కూడా ఒకటి చేయించుకున్నాడమ్మా. దాని కర్రా నేనే కోశా. నా చప్పుడు వినపడగానే తనదీ వదులుతానన్నాడు."

అంటూనే గట్టెక్కేశాడు. అరవయ్యేళ్ళ మనిషి, చెప్పుల్లేకుండా, పంచె ఎగ్గట్టి, కండువా గాలిలో తిప్పుతూ పక్క చెరువు వైపు పరుగు. "బావా! ఆగు బావా! అంటించకు!"

ఉషశ్రీ వెనకాలే పరుగెత్తింది. ఇద్దరి అరుపులూ కలిసి నీళ్ళ మీదుగా సాగాయి. ఎదుటి గట్టు మీద మనిషి వంగి ఉన్నాడు. అరుపులు విని నడుము నిటారుగా చేసి, ఇంకా పుల్ల గీయని అగ్గిపెట్టె ఉన్న చేతిని పైకెత్తి, ఏమిటన్నట్టు ఊపాడు.