అత్తగారు చెయ్యూపితేనే లైటు

ఆ అపార్ట్‌మెంటు మేనేజరుకు వెలుగుతున్న లైటు కనబడితే చెయ్యి ఊరుకోదు. ఎవరైనా టీకి పిలిచినా సరే, ముందు వాళ్ల వంటింటి లైటు కట్టేసి, ఆ తర్వాతే కుర్చీలో కూర్చుంటాడు. అందుకే అందరూ చాటుగా ఆయన్ను 'కట్టేసే ఆయన' అంటారు. ఆ పేరు ఒకరోజు ఆయన చెవిన పడింది. బిరుదనుకుని మురిసిపోయాడు.

కరెంటు పొదుపు మీద ఎక్కడో శిక్షణ తీసుకుని వచ్చాక ఇక ఆయన్ను పట్టడం ఎవరి తరమూ కాలేదు. వచ్చీ రాగానే సెల్లారులోని మీటింగు హాల్లో సెన్సరు లైట్లు పెట్టించాడు. మనిషి కదిలితే వెలుగుతాయి, కదలకపోతే ఆరిపోతాయి.

"ఆరిపోయే ముందు కాస్త టైము ఇద్దాం సార్," అన్నాడు ఎలక్ట్రీషియను.

"ఇస్తే జనం బద్ధకిస్తారు. ఎంత తక్కువకు వస్తే అంతకు పెట్టు. ఆ గోడమీది స్విచ్చి కూడా పీకెయ్."

"స్విచ్చి ఏం చేసింది సార్?"

"కనబడితే వేస్తారయ్యా!"

ఎలక్ట్రీషియను ఆయన్ను ఎగాదిగా చూసి, స్విచ్చి పీకి జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

ఆదివారం సాయంత్రం ఆ హాల్లోనే మీటింగు. ఏసీ ఇరవై ఆరు డిగ్రీలకంటే తగ్గించకూడదని, మేడ మీద సోలారు పలకలు పెట్టించుకోవాలని అందరిచేతా ఒప్పించాలి. భార్య ఊళ్లో లేదు. ఇంట్లో ఒక్కదాన్నీ ఉండనని అత్తగారు పట్టుబడితే ఆవిణ్ణి కూడా వెంటబెట్టుకొచ్చాడు. వినబడదేమోనని ఆవిడ ముందు వరసలో, సరిగ్గా సెన్సరు కిందే కూర్చుంది.

మేనేజరు ఉపన్యాసం భూమి పుట్టుక దగ్గర మొదలైంది. ఇంకా మనిషి పుట్టకముందే హాలంతా చీకటైపోయింది.

"కదలండి! ఎవరైనా కాస్త కదలండి!" అని అరిచాడు. తనూ చేతులు ఊపాడు గానీ ఆయన నిలబడ్డ మూల సెన్సరుకు ఆనదు. జనం ఉలిక్కిపడి లేచేసరికి లైటొచ్చింది. మళ్లీ ఉపన్యాసం. మళ్లీ చీకటి.

"మేం బతికున్నామని ఈ లైటుకు నమ్మకం కుదరడం లేదండీ," అన్నాడు బ్యాంకులో పనిచేసే ఆయన, ఆవులిస్తూ.

పళ్ల డాక్టరు ఫోను తీసి లైటు వేయబోయాడు.

"వద్దు డాక్టరుగారూ! ఆ చార్జింగు కూడా కరెంటే!"

అప్పుడు చీకట్లోంచి అత్తగారి గొంతు లేచింది. "ఇదేం చోద్యం అల్లుడుగారూ! నలుగురినీ పిలిచి చీకట్లో కూర్చోబెడతారా?"

ఆవిడకు చేతులు తిప్పకుండా మాట్లాడటం రాదు. నోరు తెరిచిందో లేదో లైట్లు భళ్లున వెలిగాయి. చివాట్లు అయ్యేదాకా నిలకడగా వెలిగాయి. ఆవిడ చేతులు ఒళ్లో పెట్టుకోగానే ఆరిపోయాయి.

"దొరికింది కిటుకు! పెద్దావిణ్ణి మాట్లాడించండి!" అన్నాడు డాక్టరు.

ఆవిడ ఆపకుండా మాట్లాడే విషయం లోకంలో ఒక్కటే ఉంది. అది అల్లుడు. తప్పక మేనేజరే అందుకున్నాడు.

"అత్తయ్యగారూ, పొద్దున నేను పెట్టిన కాఫీ ఎలా ఉందండీ?"

"దాన్ని కాఫీ అంటారా నాయనా? గిన్నె కడిగిన నీళ్లు నయం!"

హాలు పట్టపగల్లా అయింది. ఆ వెలుగులో ఆయన గబగబా సోలారు పలకల గురించి చెప్పేశాడు. కాఫీ అయిపోతే తన గురక సంగతి ఎత్తాడు. గురక అయిపోతే తన డ్రైవింగు ఎత్తాడు. జనానికి నిద్ర ఎగిరిపోయింది. వెనక వాళ్లు కుర్చీలు ముందుకు లాక్కున్నారు. అంతవరకు బాగానే ఉంది. జనం అంత శ్రద్ధగా వింటున్నది తన మాటలే అనుకుని మేనేజరు పొంగిపోయాడు.

"ఎన్ని చెప్పినా, కరెంటు దగ్గర మాత్రం నాకు వంక పెట్టలేరు కదండీ?"

అత్తగారు లేచి నిలబడింది. ఈసారి రెండు చేతులూ లేచాయి.

"ఏసీ పద్దెనిమిదిలో పెట్టుకుని, రెండు దుప్పట్లు కప్పుకుని, మంకీ టోపీ తగిలించుకుని పడుకుంటారు కదా! పక్క గదిలో నాకు పళ్లు టకటకలాడుతున్నాయి!"

లైటు ఆరిపోవాలని మేనేజరు ఎన్నోసార్లు కోరుకున్నాడు గానీ, ఇంత గట్టిగా ఎప్పుడూ కోరుకోలేదు. అది ఆరలేదు. హాలంతా పడీపడీ నవ్వుతోంది మరి.

"నిజమేనాండీ?" అన్నాడు బ్యాంకాయన కళ్లు తుడుచుకుంటూ.

"చల్లగా ఉంటేనే కదండీ దుప్పటి సుఖం," అన్నాడు మేనేజరు నేల చూపులు చూస్తూ.

ఆ మాటతో బ్యాంకాయనే, "మా ఇంట్లోనూ అదే సుఖమండీ," అని ఒప్పేసుకున్నాడు. డాక్టరు తన రజాయి సంగతి బయటపెట్టాడు. అందరూ ఒకరి మీద ఒకరు పడి ఎవరి గుట్టు వాళ్లే విప్పారు. ఇంత పరువు పోయాక ఇరవై ఆరుకు ఒప్పుకోవడం ఎవరికీ కష్టమనిపించలేదు. సోలారు పలకలకు కూడా సరేనని చేతులెత్తారు. అయితే ఒక్క షరతు. ఇళ్లకెళ్లి ఏసీలు చూసి రావలసింది మేనేజరు కాదు, అత్తగారు.

మర్నాడే ఎలక్ట్రీషియను వచ్చి, లోలోపల నవ్వుకుంటూ స్విచ్చి బిగించి, సెన్సరుకు తగినంత టైము పెట్టాడు. ఇప్పుడు అత్తగారు మధ్యాహ్నం కాగానే చెప్పులేసుకుని ఇల్లిల్లూ బయల్దేరుతుంది. ఆ చప్పుడు వినబడితే చాలు, పళ్ల డాక్టరు పరుగెత్తి రిమోటు వెతుక్కుంటాడు. ఇంట్లో మేనేజరు మాత్రం ఫ్యాను కింద కాళ్లు బారజాపుకుని, పెళ్లయ్యాక ఎన్నడూ ఎరగని ప్రశాంతతతో కునుకు తీస్తాడు.