నాగసాయి కాలమ్

మా ఆయన పేరు మీద అచ్చయిన పరిశోధన పత్రాలు పందొమ్మిది. ఆయన పోయిన నాలుగు నెలలకు వాటి జాబితా చేసివ్వమని నన్నడిగారు. అడిగింది ఆయన పనిచేసిన కాలేజీలో శాఖాధిపతి కాశీవిశ్వనాథం గారు. సంస్మరణ సభ పెడతారట, పుస్తకం వేస్తారట. "మౌళి గారి రికార్డు పూర్తిగా ఉండాలమ్మా, ఒక్కటీ పోకూడదు" అన్నారు. ఎవరి రికార్డు ఎవరికి కావాలి స్వామీ అని నోటిదాకా వచ్చింది. "సరేనండీ" అన్నాను. ఆ రోజుల్లో అందరికీ అదే చెబుతున్నాను. పాలవాడు రేపు రానన్నా సరేనండీయే.

నేను డబ్బింగ్ చెబుతాను. ఇరవై రెండేళ్ళుగా ఫిల్మ్ నగర్‌లో మైకు ముందు నిలబడి, ఎవరెవరి పెదవులకో నా గొంతు అతికిస్తున్నాను. పుట్టి పెరిగింది పక్కనే షేక్‌పేటలో. ఇంట్లో "ఏందే, గీడ పెట్టినవేంది" అనే భాష, మైకు ముందు "ఏంటండీ" అనే భాష. ఆయన అమలాపురం మనిషి. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు ఎందుకొస్తాయన్నది ఆయన చదువు. దానికో చదువెందుకు, మనుషులు చేస్తే వస్తాయి అనేదాన్ని. నవ్వేవారు.

పందొమ్మిదిలో పద్దెనిమిదింటిని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఈ మాట నాది కాదు, ఆయనే అనేవారు. మిగిలిన ఒక్కటీ ఆయన్ని ప్రొఫెసర్‌ని చేసింది. దాన్ని ఆధారం చేసుకుని మూడు వందల చిల్లర మంది తమ పేపర్లు రాసుకున్నారు. ఫోన్‌లో యాప్‌లు వాడేవాళ్ళు 'ఇది పనిచెయ్యట్లేదు' అని పెట్టిన ఫిర్యాదులు రెండు వేల నాలుగు వందలు పోగుచేశారు ఆయన. ఒక్కొక్కటీ చదివి, ఆ తప్పు ఎందుకొచ్చిందో ఆరు కారణాల్లో ఒకటి ఎదురుగా రాయాలి. ఇద్దరు మనుషులు, ఒకరు రాసింది ఒకరు చూడకుండా రాయాలి. ఇద్దరి మాటా కలిస్తేనే లోకం నమ్ముతుంది. మొదటి మనిషిని నేను. బీఎస్సీ కంప్యూటర్స్ చదివి మూలన పెట్టినదాన్ని కదా, పనికొచ్చాను. డబ్బింగ్ థియేటర్‌లో నా వంతు వచ్చేదాకా ఓ కుర్చీలో కూర్చుని రాసేదాన్ని. రెండో మనిషి ఆయన దగ్గర ఎంటెక్ చేసే నాగసాయి.

నాగసాయి ఆరు వందల ఫిర్యాదుల దగ్గర ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు. "మేడమ్, సార్‌కి మీరే చెప్పండి, నాకు భయం" అని నాకు ఫోన్. అప్పటికి ఈయన డెంగ్యూతో మంచం మీదున్నారు. పేపర్ పంపడానికి పదకొండు రోజులే గడువు. అది దాటితే ప్రొఫెసర్ ఇంటర్వ్యూ మళ్ళీ ఎన్నేళ్ళకో. నేను చెప్పలేదు. నాగసాయి కాలమ్‌లో మిగిలిన పద్దెనిమిది వందలూ, నా కాలమ్ చూసుకుంటూ నేనే నింపాను. ఒకే సీనులో హీరోయిన్‌కీ, పక్కనున్న స్నేహితురాలికీ నేనే చెప్పిన రోజులున్నాయి. రెండు గొంతులు పట్టడం నాకేం కొత్త? మొత్తం కలిసిపోతే అనుమానిస్తారని పదింటికొకటి కావాలనే వేరేగా రాశాను. ఎంత తెలివో చూడండి! లెక్క చూసుకుని ఆయన జ్వరంలోనే లేచి కూర్చున్నారు. "చూశావా మనోజా, ఇద్దరూ ఎంత బాగా కలిశారో! ఆ పిల్లాడు రత్నం" అన్నారు. నేను బొప్పాయాకు రసం గ్లాసు చేతికిచ్చాను.

ఇది ఏడేళ్ళ కిందటి మాట. ఆయనకు చివరిదాకా తెలియదు.

జాబితా కోసం ఆయన మెయిల్ తెరిచాను. స్ఫూర్తి అనే అమ్మాయి రాసిన ఉత్తరాలు మూడున్నాయి. వేరే యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తోందట. జనవరిలో మొదటిది. దానికి ఆయన గంటలోనే జవాబిచ్చారు, 'అసలు షీట్లు వెతికి పంపుతానమ్మా' అని. మిగతా రెండూ ఫిబ్రవరి తర్వాతవి, తెరవనివి. చివరిదాంట్లో ఇలా రాసింది: 'సార్, మీరు బిజీగా ఉన్నారేమో. నా థీసిస్ మొత్తం మీ పేపర్ మీదే నిలబడింది. మొదటి ఆరు వందల ఫిర్యాదుల్లో నేను రాసిన కారణాల లేబుళ్ళు మీవాటితో కలుస్తున్నాయి. ఆ తర్వాత మీ రెండో మనిషివాటితో కలవడం లేదు. తప్పు నాదే అయ్యుంటుంది. ఆగస్టులో కమిటీ ఉంది. అప్పటికి తేలకపోతే నా రిజిస్ట్రేషన్ రద్దు చేస్తామన్నారు.'

ఆరు వందలు. ఆ అంకె చూశాక గుండె ఝల్లుమనాలి కదా? ఝల్లుమనలేదు. చెయ్యి తిమ్మిరెక్కినప్పుడు గిల్లితే ఎలా ఉంటుందో అలా ఉంది. మూడు ఉత్తరాలూ తీసిపారేస్తే అడిగేవాడు లేడు. ఆయన పేపర్‌కి ఏమీ కాదు. ఆ పిల్ల చదువే పోతుంది. ఉత్తరం కింద ఉన్న నంబర్‌కి ఫోన్ చేసి, వచ్చి కలవమన్నాను.

మర్నాడు మధ్యాహ్నం స్ఫూర్తి జూబ్లీ హిల్స్ చెక్‌పోస్ట్‌లో మెట్రో దిగి, ఆటోలో మా డబ్బింగ్ థియేటర్‌కే వచ్చింది. బక్కపిల్ల. బరువైన ల్యాప్‌టాప్ సంచీ భుజం మీంచి దించకుండానే క్యాంటీన్‌లో కూర్చుంది. "సార్ సంగతి మీరు ఫోన్ చేసినంకనే కాలేజీ వెబ్‌సైట్ల చూసిన మేడమ్. ముందుగాల తెలుస్తే గట్ల రాయకపోదును" అంది. తిను ముందు అని సాంబారన్నం చెప్పాను.

"సార్ తప్పని నేనంటలేను మేడమ్" అంది. "మూడుసార్లు మొదటికెల్లి చదివిన. నాకే సమజైతలేదేమో. మా గైడ్ సార్ గూడ, అంత పెద్ద పేపర్ తప్పా, నువ్వు తప్పా చెప్పు అన్నడు."

"నువ్వేమన్నవ్?"

"నేనే తప్పు సార్ అన్న."

అక్కడ నాకు ఒళ్ళు మండింది. ఆ గైడ్ మీదో, నా మీదో తెలియదు. నాలుగు నెలల్లో నాకంటూ ఏదైనా అనిపించింది అప్పుడే. "నువ్వు గాదు బిడ్డా, తప్పు నాది" అన్నాను. నాగసాయి సంగతీ, పద్దెనిమిది వందల సంగతీ, పదింటికొకటి సంగతీ మొత్తం చెప్పేశాను.

స్ఫూర్తి చెంచా కింద పెట్టింది. "మూడేండ్లు మేడమ్" అంది. "నా దిమాఖే ఖరాబైందేమో అనుకున్న. అమ్మకు గూడ చెప్పలే."

"తిట్టు. నన్ను తిట్టు, ఏమనను."

"తిడితే నాకేమొస్తది మేడమ్? రాసియ్యండి. నాకు గాదు, జర్నల్‌కు రాయండి."

ఇంతలో సౌండ్ ఇంజినీరు తిరుమలేశ్ తలుపు దగ్గర నిలబడి "మనోజక్కా, మీ వంతే ఉన్నది, రండి" అని పిలిచాడు. వెళ్ళి ఒక పెళ్ళికూతురి నవ్వు చెప్పాను. ఒక్క టేకులో అయిపోయింది.

ఇంటికెళ్ళి జర్నల్‌కి రాశాను. నేను రచయిత భార్యను, రెండో కాలమ్ నింపింది నేను, ఆయనకు తెలియదు. 'ఆయనకు తెలియదు' అన్నది మూడుచోట్ల రాశాను. ఆయన లేరన్నది ఒక్కచోటా రాయలేదు. ఆ వాక్యం నేను అప్పటిదాకా ఎక్కడా రాయలేదు. బ్యాంకు కాగితాలూ, కాలేజీ కాగితాలూ మా తమ్ముడు పృథ్వీరాజ్ నింపి తెస్తే, చదవకుండా సంతకాలు పెట్టాను. నాకు తోడుగా ఉంటానని అప్పట్నుంచీ వాడు మా ఇంట్లోనే ఉంటున్నాడు. జర్నల్‌కి రాసిన ఉత్తరం నకలు స్ఫూర్తికి పంపితే, కమిటీకి చూపిస్తానంది.

వారానికి జర్నల్ నుంచి జవాబొచ్చింది. మీరు ఈ పత్రానికి రచయిత కారు, మీ మాట ఒక్కటే ఆధారంగా తీసుకోలేం, రచయితకు రాశాం, ముప్పై రోజుల్లో ఆయన స్పందించాలి అని. ఆయనకు రాసింది ఆయన మెయిల్‌లో నా కళ్ళ ముందే ఉంది.

ఆయన ఎలా రాస్తారో నాకు తెలుసు. మూడు వాక్యాలకో ధన్యవాదం పెడతారు. 'నా భార్య చెప్పింది నిజం, నాకు తెలియకుండా జరిగింది, పేపర్ వెనక్కి తీసుకుంటున్నాను.' ఇంతే చాలు. అందులో అబద్ధం కూడా లేదు. మోసగాడన్న మాట పడకుండా ఆయన పేరు దక్కుతుంది. మీటల మీద వేళ్ళు పెట్టాను. 'డియర్ ఎడిటర్' దాకా వచ్చాను. ఓసి నీ దుంపతెగ, మళ్ళీ ఇంకొకరి కాలమ్ నింపుతున్నావే అనిపించింది. మూసేశాను. పోనీ, ఆయన లేరని నా పేరుతోనైనా రాయొచ్చు కదా! మూడు రోజులు తెరిచి కూర్చున్నాను. అదీ నావల్ల కాలేదు. ముప్పై రోజులూ అయిపోయాయి.

జులై చివర్లో జర్నల్ నోటీసు వేసింది. స్ఫూర్తి పంపింది. కింద, 'కమిటీ నా లేబుళ్ళు ఒప్పుకుంది మేడమ్' అని ఒక్క ముక్క. థాంక్స్ లేదు. ఎందుకుండాలి?

నోటీసు చిన్నది. రెండో మనిషి పెట్టిన లేబుళ్ళు నమ్మదగ్గవి కావు. పేపర్‌ను వెనక్కి తీసుకుంటున్నాం. పూర్తి బాధ్యత రచయితది. ఆయన్ని సంప్రదించాం, వివరణ ఇవ్వడానికి ఆయన ముందుకు రాలేదు.

ముందుకు రాలేదట! ఎవడో మొదటి సంవత్సరం కుర్రాడు సందేహం అడిగితే బస్సు వదిలేసుకుని మరీ చెప్పిన మనిషి. ముక్కూమొహం తెలియని పిల్లకు గంటలో జవాబిచ్చిన మనిషి. ఆయన మొహం చాటేశాడని ప్రపంచమంతా చదివేలా అచ్చు వేస్తారా? పేపర్ పోతే పోయింది, అది నేను చేసిన పాపం. ఈ మాట మాత్రం నేను పడనివ్వను. నా మెయిల్ తెరిచాను. మీ నోటీసులో తప్పుంది, దిద్దండి అని మొదలుపెట్టాను. కారణం రాయాలి కదా. రాశాను.

'నా భర్త మౌళి ఈ ఫిబ్రవరి పదిహేడున చనిపోయారు.'

సరిగ్గా ఉందో లేదో అని ఒకసారి చదువుకున్నాను. హాల్లోంచి పృథ్వీరాజ్ పరుగెత్తుకొచ్చి నా రెండు భుజాలూ పట్టుకున్నాడు. "ఏమైందక్కా? ఏమైంది? ఎందుకట్ల అరుస్తున్నవ్?" అన్నాడు. నేను అరుస్తున్నానని అప్పుడు తెలిసింది నాకు.

"మీ బావ చచ్చిపోయిండురా" అన్నాను.